పటంలో దూరం, ప్రయాణంలో దూరం

"మన ఊరు ఇక్కడికి ఎంత దూరం?" అని పిల్లలడిగితే సింగపూరులో ఉన్న మనం గంటల్లోనే జవాబు చెబుతాం. హైదరాబాదుకు ఆకాశమార్గాన సుమారు 3,300 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. విశాఖపట్టణానికి సుమారు 2,900 కిలోమీటర్లు, ఇంచుమించు నాలుగు గంటలు. చెన్నైకి కూడా దాదాపు అంతే దూరం. పటం మీద విశాఖ, చెన్నై రెండూ సింగపూరుకు సమానదూరంలోనే ఉన్నాయి. కాని ప్రయాణంలో ఆ రెండూ ఏనాడూ సమానం కాలేదు.

ఇరవయ్యో శతాబ్దం తొలిభాగంలో విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళు రంగూన్ వెళ్ళాలంటే కోస్తా రేవుల్లోనే ఓడ ఎక్కేవారు. మలయా తోటలకు పోయే కూలీలకు ఆ వీలు లేదు. వాళ్ళను పంపే శిబిరాలు మద్రాసు దగ్గరి ఆవడిలోను, నాగపట్టణంలోను ఉండేవి. అందుకని ఎదురుగా సముద్రం కనిపిస్తున్నా, విశాఖ మనిషి ముందు దాదాపు 800 కిలోమీటర్లు దక్షిణానికి రైల్లో పోయేవాడు. ఆ తర్వాతే ఓడ. 1926లో నీటిలోకి దిగిన 'రజులా' మద్రాసు, నాగపట్టణం, పెనాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్ మీదుగా సింగపూరు చేరేది. అందులో డెక్కు మీద సుమారు వారం ప్రయాణం. ఇంటి దగ్గర తల్లి పోయిందని తంతి వచ్చినా, ఓడ కోసం ఎదురుచూపు, వారం సముద్రం, ఆపైన రైలు. కడచూపు మాట అటుంచి, పెద్దకర్మకు అందుకోవడమే కష్టం.

1954లో ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ సింగపూరుకు విమానాలు మొదలుపెట్టింది. అయినా సామాన్యులకు చాలాకాలం ఓడే దిక్కు. 'రజులా' 1973లో ఆ దారి నుంచి తప్పుకుంది. 1985లో 'చిదంబరం' ఓడలో అగ్నిప్రమాదం జరిగాక మద్రాసు–సింగపూరు ఓడ ప్రయాణాల శకం ముగిసింది. విశాఖ నుంచి నేరుగా సింగపూరుకు విమానం రావడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది సిల్క్ ఎయిర్ మొదలుపెట్టిన ఆ సర్వీసు 2019లో స్కూట్ చేతికి వచ్చింది. తాతల నాటి వారం నాలుగు గంటలైంది. దూరం జయించామనుకున్నాం.

2020 మార్చిలో భారతదేశం అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. రెండేళ్ళపాటు మామూలు రాకపోకలు లేవు. ఇక్కడివాళ్ళు ఎందరో తల్లిదండ్రుల అంత్యక్రియలను ఫోన్ తెర మీదే చూసుకున్నారు. 2021 నవంబరు 29న, టీకాలు వేయించుకున్నవారు క్వారంటైన్ లేకుండా సింగపూరు రావడానికి దారి తెరిచారు. అది మొదట చెన్నై, ఢిల్లీ, ముంబయి నుంచే. ఆ దారిన తిరిగి రావలసిన తెలుగువాళ్ళు మళ్ళీ చెన్నై బాట పట్టారు. 2022 మార్చిలో గాని మిగిలిన ఊళ్ళకు ఆ వెసులుబాటు రాలేదు.

ఆవడి శిబిరం మీదుగా వచ్చిన కూలీకి, చెన్నై మీదుగా వచ్చిన ఇంజనీరుకు పోలిక ఏముందని అనిపించవచ్చు. జీతంలో, జీవితంలో ఏ పోలికా లేదు. కాని ఇద్దరికీ ఇంటికి ఎంత దూరమో తేల్చింది కిలోమీటర్లు కావు. ఏ రేవు తెరిచారు, ఏ విమానం వదిలారు అన్నదే. పిల్లలు ఈసారి దూరం అడిగితే, నాలుగు గంటలని చెప్పి ఊరుకోకుండా ఆ వారం రోజుల ఓడ సంగతి కూడా చెబుదాం.