తక్‌పట్టీలో రాయని కోత

మా నాయన అడిగిన ఒక ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే ఈ టపా తయారైంది. ప్రశ్న చాలా చిన్నది. జవాబు కోసం మాత్రం నిజాం కాలం దాకా, అక్కడినుంచి న్యూయార్కు దాకా పోయి, తిరిగి బొంరాస్‌పేటకు రావలసివచ్చింది. కాస్త ఓపికగా చదవమని మిత్రులకు మనవి.

అది 2014 ఎండాకాలం. నాయనకు గుండె పరీక్ష చేయించడానికి హైదరాబాదు తీసుకువెళ్ళాను. అక్కా బావా కూడా వచ్చారు. పొద్దున రక్తపరీక్షలు అయినాయి. స్కానింగు మధ్యాహ్నం మూడింటికన్నారు. ఈలోగా నలుగురం ఒక హోటల్లో భోజనం చేశాము. బిల్లు 1,340 రూపాయలు. కార్డు ఇస్తే గల్లాపెట్టె దగ్గరి మనిషి 1,367 కొట్టాడు. "కార్డుకు రెండు శాతం ఎక్కువ సార్" అన్నాడు. ఆ మాట బిల్లులో లేదు, గోడమీదా లేదు. సరేనని పిన్ను నొక్కాను. యంత్రం కాసేపు ఆలోచించి, లావాదేవీ విఫలమైందని చెప్పింది. మళ్ళీ గీకాడు. ఈసారి చీటీ వచ్చింది. మెట్లు దిగుతూ ఫోను చూసుకుంటే రెండు సందేశాలున్నాయి. 1,367 ఒకసారి, 1,367 మరొకసారి.

ఖాతాలో అంతకుముందు ఉన్నది 4,100. మిగిలింది 1,366. స్కానింగుకు కట్టవలసింది 2,500. అక్క పర్సులో, బావ జేబులో ఉన్నది తిరుగు ప్రయాణానికి మాత్రమే సరిపోతుంది. వెనక్కి వెళ్ళి హోటలు మనిషిని అడిగితే, "మాకు ఒక్కసారే వచ్చింది, కావాలంటే చూసుకోండి" అని యంత్రంలోంచి చీటీ తీసి చూపాడు. అతను అబద్ధం చెప్పలేదు. బ్యాంకుకు ఫోను చేస్తే, "మీ ఖాతానుంచి వెళ్ళిపోయింది, దుకాణంవారిని అడగండి" అన్నారు. వారూ అబద్ధం చెప్పలేదు.

స్కానింగు లేకుండానే పరిగి బస్సెక్కాము. దారిలో నాయన చాలాసేపు మౌనంగా ఉండి, మెల్లగా అడిగాడు.

"పైసలు నీ తాన లేవు. ఆయన తాన లేవు. మరి యాడున్నట్టురా?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

* * *

నాయన జీవితమంతా కందులు పండించి తాండూరు మార్కెట్టులో అమ్మినవాడు. కోత అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పవలసిన పనిలేదు. మార్కెట్టులో సరుకు అమ్మిన రైతుకు అడ్తీదారు ఇచ్చే చీటీని మా దిక్కు తక్‌పట్టీ అంటారు. తూకం ఎంత, ధర ఎంత, హమాలీకి ఎంత పోయింది, చేతికి ఎంత వచ్చింది, అన్నీ అందులో వరుసగా ఉంటాయి. కోత న్యాయమైనదా కాదా అన్నది వేరే తగాదా. ఆ తగాదా పెట్టుకోవడానికైనా ముందు కోత కాగితం మీద కనబడాలి. నాయన బాధ ఇరవైయేడు రూపాయలు పోయినందుకు కాదు, రెండోసారి పోయిన డబ్బుకు తక్‌పట్టీ లేనందుకు.

ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య మూడో మనిషి నిలబడి తన వాటా తీసుకోవడం కార్డుతో పుట్టిన వింతేమీ కాదు. మా కొడంగల్ ప్రాంతం 1956 దాకా హైదరాబాదు రాష్ట్రపు గుల్బర్గా జిల్లాలో ఉండేది. (ఆ తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలోకి, 2016లో వికారాబాద్ జిల్లాలోకి వచ్చాము. ఊరు కదలకుండానే జిల్లాలు మారడం మాకు అలవాటే.) నిజాం రాజ్యంలో చెల్లే నాణెం హాలీ సిక్కా. పొలిమేర దాటితే బ్రిటిషు వారి కల్దారు రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు లెక్క. అనగా నూరు కల్దార్లు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు ఇచ్చుకోవాలి.

వికారాబాద్, తాండూరుల మీదుగా వాడి జంక్షనుకు పోయే రైలుమార్గం 1874లో వచ్చింది. ఆ రైల్లో బొంబాయి దిక్కు పోయేవాడు దారిలో సొమ్ము మార్చుకోక తప్పదు. మార్చే సరాఫు ఊరికే మారుస్తాడా? అతని వట్టం అతనికి ముట్టాలి. 1950లో భారత రూపాయి ఇక్కడ కూడా చెలామణిలోకి వచ్చింది. హాలీ సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది మాత్రం 1959లో. తొమ్మిదేళ్ళపాటు రెండు రూపాయలూ పక్కపక్కనే బతికాయన్నమాట. ఆ కాలపు మనుషులు ధర అడిగేటప్పుడు "హాలీనా, కల్దారా" అని కూడా అడగవలసివచ్చేది. మారకంలో ఎంత పోతుందో చెయ్యి చాచకముందే తెలియాలన్నదే అందులోని సంగతి.

* * *

ఇక కార్డు కథ. కార్డు పుట్టిందే భోజనశాలలో అన్న విషయం చాలామందికి తెలియదు. 1950 ఫిబ్రవరిలో ఫ్రాంక్ మెక్‌నమారా అనే ఆయన న్యూయార్కులోని మేజర్స్ క్యాబిన్ గ్రిల్ అనే భోజనశాలలో తిని, ఒక అట్టముక్క చూపి సంతకం పెట్టి వచ్చాడు. అదే డైనర్స్ క్లబ్. అంతకుముందు ఒకసారి పర్సు మరచిపోయి అక్కడే అవమానపడినందువల్ల ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ ఉంది. అది ప్రచారం కోసం అల్లిన కథేనని, ఆ సంస్థలోనే పనిచేసిన మ్యాటీ సిమన్స్ తరువాత చెప్పాడు. కథ కల్పితమైనా లెక్క మాత్రం నిజం. నూరు డాలర్ల భోజనం అమ్మిన హోటలువాడికి డైనర్స్ క్లబ్ ఇచ్చేది తొంభైమూడే. మిగతా ఏడు డాలర్లూ క్లబ్బు వాటా. తిన్నవాడికి ఆ ఏడు కనబడవు. ఆనాటినుంచీ కార్డు నడిచేది ఈ కనబడని కోతమీదనే.

నాయన ప్రశ్నకు జవాబు మాత్రం మరి కొన్నేళ్ళ తరువాతి చరిత్రలో దొరికింది. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో ఎవరూ అడగకుండానే అరవై వేల కార్డులు తపాలాలో పంచింది. (నేటి వీసా దాని సంతానమే.) కార్డులు పెరిగినకొద్దీ దుకాణదారుకు భయం పెరిగింది. ఈ మనిషి ఖాతాలో నిజంగా అంత స్తోమత ఉందా? అందుకని పెద్ద మొత్తమైతే బ్యాంకుకు ఫోను చేసి అనుమతి అడిగేవారు. బ్యాంకు "సరే, అంత మేరకు పక్కన పెట్టాము" అనేది. అసలు డబ్బు చేతులు మారేది తరువాత, సంతకం చేసిన చీటీ బ్యాంకుకు చేరినప్పుడు. అంటే చెల్లింపు రెండు ముక్కలైంది. ముందు అనుమతి, తరువాత జమ. 1973లో ఫోన్ల స్థానంలో కంప్యూటర్లు వచ్చి, నిమిషాల పని క్షణాలకు దిగింది గాని, రెండు ముక్కలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఆ రెంటి నడుమ ఉన్న ఖాళీయే నేటి బ్యాంకులు హోల్డు అనే నిలుపుదల.

అమెరికా వెళ్ళిన మన పిల్లలకు ఈ ఖాళీ మొదటి వారంలోనే ఎదురవుతుంది. భోజనం నలభై డాలర్లు. వడ్డించినతను కార్డు లోపలికి పట్టుకుపోయి గీకి తెస్తాడు. చీటీ మీద ఎనిమిది డాలర్ల టిప్పు రాసి సంతకం పెట్టి వస్తారు. ఫోనులో నలభై అని కనబడుతుంది. రెండురోజులకు అది మాయమై నలభైయెనిమిది ప్రత్యక్షమవుతుంది. టిప్పు తరువాత కలుస్తుంది గనుక, అనుమతి తీసుకున్నదానికన్నా ఇరవై శాతం దాకా ఎక్కువ జమ అడిగే వెసులుబాటు కార్డు సంస్థలు అక్కడి భోజనశాలలకు ఇచ్చాయి. కొన్నిచోట్ల ఆ ఇరవై శాతాన్ని ముందే కలిపి నిలిపేసేవారు. ఇరవై శాతం టిప్పు ఇవ్వనివాడి సొమ్ము కూడా రెండు మూడు రోజులు కట్టుబడి ఉండేది.

క్రెడిట్ కార్డయితే కట్టుబడేది అప్పు తీసుకునే హద్దు. డెబిట్ కార్డయితే కట్టుబడేది మన సొంత సొమ్ము. పైకి రెండూ ఒకే తీరు ప్లాస్టిక్ ముక్కలు. తేడా తెలిసేది స్కానింగు గది ముందు నిలబడినప్పుడే.

* * *

మన దేశానికి డైనర్స్ క్లబ్‌ను 1961లో కాలీ మోదీ తెచ్చాడు. బ్యాంకులలో సెంట్రల్ బ్యాంకు 1980లోను, మన ఆంధ్రా బ్యాంకు 1981లోను కార్డులు మొదలుపెట్టాయి. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన బ్యాంకు దేశంలో అందరికన్నా ముందు కార్డు తెచ్చినవాటిలో ఒకటి కావడం తెలుగువారికి గర్వించదగ్గ సంగతే. (2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) ఆ రోజుల్లో కార్డును ఒక ఇనుప చట్రంలో పెట్టి, పైన కార్బను చీటీ వేసి, పిడిని అటూ ఇటూ లాగేవారు. కార్డు మీది ఉబ్బెత్తు అంకెలు చీటీ మీద పడేవి. అందులో ఒక ప్రతి మనదే. నెమ్మదైన పద్ధతే గాని చేతిలో కాగితం ఉండేది.

మా విషయంలో జరిగిందేమిటో ఇప్పుడు చెప్పగలను. మొదటిసారి గీకినప్పుడు అనుమతి అడిగిన కబురు బ్యాంకుకు చేరింది. బ్యాంకు సరేనని ఖాతాలో సొమ్ము తగ్గించింది. ఆ "సరే" తిరిగి వచ్చేలోగా దారి తెగింది. యంత్రం దృష్టిలో లావాదేవీ జరగలేదు. బ్యాంకు దృష్టిలో జరిగింది. హోటలువాడు జమ అడగడు, బ్యాంకు తనంతట తాను తిప్పి ఇవ్వదు. లెక్కలు సరిచూసుకునేదాకా ఆ సొమ్ము ఎవరి ఖాతాకూ చెందకుండా బ్యాంకు పద్దుల్లో పడి ఉంటుంది. మాది పదకొండో రోజున తిరిగివచ్చింది. పన్నెండో రోజున స్కానింగు చేయించాము. అదృష్టవశాత్తు పెద్ద ప్రమాదమేమీ లేదన్నారు. ఉండి ఉంటే ఈ టపా రాసే మనసు నాకు ఉండేది కాదు.

ఆనాటికి రిజర్వు బ్యాంకు నియమాలు లేకపోలేదు. డెబిట్ కార్డు మీద దుకాణంనుంచి తీసుకునే రుసుము రెండువేల లోపు బిల్లుకు ముప్పావు శాతం మించరాదని 2012లోనే చెప్పింది. మా 1,340 మీద అది పది రూపాయలు. ఆ పది కూడా దుకాణదారే భరించాలి గాని, డెబిట్ కార్డు వాడినందుకు కొనేవాడిపై వెయ్యడం తగదని 2013 సెప్టెంబరులో మరో సర్క్యులరు వచ్చింది. అంటే పది రూపాయల ఖర్చును సాకుగా చూపి, అడగకూడని ఇరవైయేడు అడిగాడన్నమాట. నియమం ఉంది. గల్లాపెట్టె దగ్గర నిలబడిన నాకు తెలియదు. బహుశా అతనికీ తెలియదు.

సొమ్ము మధ్యలో చిక్కుకోవడం సంగతికి వస్తే, ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతా తగ్గితే ఏడు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు నూరు రూపాయలు చెల్లించాలని 2011లో నియమం వచ్చింది. హోటల్లో గీకిన కార్డుకు అటువంటి రక్షణ 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులరుతో వచ్చింది. ఖాతా తగ్గి చీటీ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత అయిదు రోజుల్లో సొమ్ము తనంతట తాను వెనక్కి రావాలి. దాటితే రోజుకు నూరు రూపాయలు, ఖాతాదారు అడగకపోయినా ఇవ్వాలి. ఫోను చెల్లింపులకూ దుకాణాల విషయంలో ఇదే గడువు. మా స్కానింగుకు అయిదేళ్ళు ఆలస్యంగా వచ్చినా, వచ్చింది.

కనబడని కోతలు కార్డుతోనే ఆగవు. సేవా రుసుమును బిల్లులో తనంతట తాను కలపరాదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న చెప్పింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. తగాదా పడిన సొమ్ము బిల్లులో చివరి గీత పైన ఒక వరుస మాత్రమే. అయినా దానికి దాదాపు మూడేళ్ళు పట్టింది.

అనుభవంతో నేర్చిన రెండు మాటలు చెబుతాను. యంత్రం విఫలమైందంటే వెంటనే రెండోసారి గీకనివ్వకండి. ముందు ఫోను చూసుకోండి, సందేశం వచ్చి ఉంటే విఫలమైన చీటీ అడిగి తీసుకోండి. బ్యాంకుకు ఫోను చేసి ఊరుకోక, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. ముప్పై రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఇక ఆసుపత్రికి పోయే రోజున మాత్రం, ఎవరెన్ని చెప్పినా, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

* * *

ఇప్పుడు మా ఊరి బస్టాండు దగ్గర చాయ్ దుకాణంలో కూడా గళ్ళ బొమ్మ అంటించి ఉంది. 2016లో మొదలైన యూపీఐ ఇక్కడిదాకా వచ్చింది. ఆ చెల్లింపులపై 2020 జనవరి నుంచి దుకాణదారు రుసుము కూడా లేదు. నాయన ఫోనుతో డబ్బు కట్టడు. నేను కడుతుంటే మాత్రం పక్కన నిలబడి చూస్తాడు. పది రూపాయలు ముట్టాయని దుకాణంలోని చిన్న పెట్టె తెలుగులో పైకి చెబుతుంది. అది పలికేదాకా ఆయన బెంచీ మీదినుంచి లేవడు.

మొన్న ఒకరోజు పెట్టె పలకలేదు. నా ఫోనులో సొమ్ము తగ్గింది. దుకాణదారు పోనీలే అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. జేబులోంచి పది రూపాయల నోటు తీసి బల్లమీద పెట్టాడు.

"నా పది ఈయన తాన ఉన్నది. నీ పది యాడున్నదో అడుగు" అన్నాడు.

ఈసారి జవాబు చెప్పగలిగాను. మూడోరోజున అది తిరిగివచ్చింది. ఆ సందేశం ఆయనకు చదివి వినిపించాను.