బ్రౌన్ దొర కాగితాలు

తెలుగు దేశానికి వెలుపల తెలుగు చదువుకునే విద్యార్థి చేతికి తొలుత అందే గ్రంథాల్లో బ్రౌన్ నిఘంటువు ఒకటి. చందాపుర వంటి చోట ఈ మాట మరింత నిజం. ఇటు ఆనేకల్, అటు హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం లేదా ఇంగ్లీషు. తాతముత్తాతల నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు కొన్ని, ఉద్యోగాల కోసం నిన్నగాక మొన్న వచ్చినవి కొన్ని. ఈ పిల్లలకు ఒక మాటకు అర్థం కావలసి వస్తే అడగడానికి ఊళ్లో పండితుడు లేడు. ఉన్నది నిఘంటువే.

అయితే ఇవాళ కంప్యూటరు తెర మీద మనం విరివిగా వాడుతున్న బ్రౌన్ నిఘంటువు అచ్చంగా బ్రౌన్‌ది కాదు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో వెలువడింది. మనకు దొరుకుతున్నది 1903 నాటి కూర్పు. దాన్ని సవరించినవారిలో వెంకటరత్నం, కాంబెల్‌తోపాటు కందుకూరి వీరేశలింగం పంతులుగారు కూడా ఉన్నారు. సవరణ తప్పు కాదు. కాని బ్రౌన్ ఏమన్నాడో తెలుసుకోవాలంటే ఈ కూర్పు ఒక్కటే చాలదు. మొదటి కూర్పు చూడాలి. దాని వెనుక ఉన్న శ్రమ తెలియాలంటే ఆయన కాగితాల దగ్గరికి వెళ్లాలి. ఈ వ్యాసంలో ఆ కాగితాల కథను స్థూలంగా పరిశీలిద్దాం.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. తండ్రి మరణం తర్వాత ఇంగ్లండులో చదివి, కంపెనీ కొలువులో 1817లో మద్రాసు చేరాడు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు ఓనమాలు దిద్దాడు. 1820లో కడపకు వెళ్లాడు. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన 1824లో ఆయన కంటపడింది. దుబాయి మైసూరు సీమలో ఏళ్ల తరబడి ఉన్నవాడు. అంటే వేమన దగ్గరికి బ్రౌన్‌ను నడిపిన దారి మన కన్నడసీమ మీదుగానే సాగిందన్నమాట! వేమన పద్యాల ప్రతులు పోగుచేసి, కొన్నింటిని ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో ప్రచురించాడు.

ఆయన పని పద్ధతి ఇక్కడ గమనింపదగినది. ఒక కావ్యానికి తాళపత్ర ప్రతులు దొరికినన్ని తెప్పించేవాడు. వాటిలో ఒకదాన్ని కాగితం మీదికి ఎత్తి రాయించి, పక్కన ఖాళీ వదిలేవాడు. మిగతా ప్రతుల్లోని పాఠభేదాలను ఆ ఖాళీలో ఎక్కించేవారు. పండితులు కూర్చుని ఏ పాఠం సరైనదో చర్చించేవారు. నిర్ణయమయ్యాక శుద్ధప్రతి, పద్యసూచిక తయారై, పుస్తకం బైండు అయ్యేది. ఈ పని సర్కారు ఖర్చుతో జరగలేదు. ఎక్కువ భాగం బ్రౌన్ తన జీతం నుంచి ఇచ్చాడు, చాలక అప్పులూ చేశాడు. కడపలోని తన బంగళాలో ఇందుకోసం పండితులను, లేఖకులను పోషించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ వ్యవహారాలు చూసేవాడు. జూలూరి అప్పయ్య, తిప్పాభట్ల వెంకట శివశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య ఆయనకు తోడ్పడిన వారిలో ముఖ్యులు.

ఇలా తయారైన వాటిలో అచ్చుకు వెళ్లినవి కొన్నే. 1844లో వసుచరిత్ర, 1851లో అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్ర వచ్చాయి. మిగిలినవెన్నో రాతప్రతులుగానే నిలిచిపోయాయి. 1845లో బ్రౌన్ తన సేకరణను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. సంస్కృతం, తెలుగు కలిపి రెండువేలకు పైబడిన ప్రతులవి. అంతకుముందు 1835-38 మధ్య ఇంగ్లండులో ఉన్నప్పుడు ఆయన మరొక మేలు కూడా చేశాడు. డాక్టర్ లేడెన్ పోగుచేసిన దక్షిణాది గ్రంథాలు లండన్‌లోని కంపెనీ కార్యాలయంలో దుమ్ముకొట్టుకుంటుంటే, వాటిని గుర్తించి మద్రాసుకు తిరిగి పంపే ఏర్పాటు చేయించాడు. కావలి సోదరుల సాయంతో కర్నల్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయతుల సిరా వెలిసిపోతుంటే వాటికి నకళ్లు రాయించాడు. మెకంజీ, లేడెన్, బ్రౌన్ సేకరణలు మూడూ కలిసి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి.

ఇంతవరకు చెప్పినది గ్రంథాల మాట. వాటితోపాటు మిగిలిన మరోరకం సంపద ఉత్తరాలు. పండితులు, గుమాస్తాలు, ఇతరులు తనకు రాసిన తెలుగు ఉత్తరాలను బ్రౌన్ పారేయలేదు. సంపుటాలుగా కట్టించి భద్రపరిచాడు. వాటిలో ఉండేవి నకళ్ల లెక్కలు, జీతాల మొరలు, తాళపత్రాల వేట, బంగళా వ్యవహారాలు. కావ్యం గురించి రాసేటప్పుడు గ్రాంథికం వదలని పండితుడు, జీతం కోసం రాసేటప్పుడు నోటిమాటకు దగ్గరగా వచ్చేస్తాడు. ఉర్దూ, పారసీ మాటలు ధారాళంగా దొర్లుతాయి. గిడుగువారు వ్యావహారికోద్యమం ప్రారంభించడానికి యాభై అరవై ఏళ్లకు ముందే తెలుగు వచనం ఎలా నడిచేదో తెలిపే సాక్ష్యమిది. బ్రౌన్ దీని విలువ ఎరిగినవాడు. కచేరీ తెలుగులోని అన్యదేశ్యాలకు ఆయన 1854లో మిశ్రభాషా నిఘంటువు వేరుగా ప్రచురించాడు. అనంతపురం పాలెగాళ్ల చరిత్రను 1853లోనూ, తాతాచారి చెప్పిన కథలను 1855లోనూ అచ్చువేయించాడు. పండితులు సాహిత్యమని ఒప్పుకోని వచనాలివి.

1855లో బ్రౌన్ ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. 1865లో లండన్‌లో తెలుగు ఆచార్య పదవి పొందాడు. మరుసటి ఏడు తన సాహిత్య జీవితాన్ని తానే సంగ్రహంగా రాసుకున్నాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. తర్వాత దాదాపు తొంభై ఏళ్లు ఆయన పేరు నిఘంటువు అట్టమీద నిలిచింది కాని, ఆ ఉత్తరాల కట్టలు విప్పినవారు అరుదు. విప్పి లోకానికి చూపిన ఘనత బంగోరెది. బండి గోపాలరెడ్డి నెల్లూరు సీమవాడు, పత్రికా రచయిత. కన్యాశుల్కం తొలి కూర్పును 1969లో మళ్లీ వెలికి తెచ్చింది కూడా ఈయనే. 1970లలో తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పక్షాన బ్రౌన్ కాగితాల మీద పనిచేసి, 1977లో బ్రౌన్ లేఖలను ప్రచురించాడు. ఆచార్య జి.ఎన్.రెడ్డితో కలిసి బ్రౌన్ స్వీయ సాహిత్య చరిత్రను 1978లో తెచ్చాడు. 1982లో, నడివయసులోనే, ఆయన మరణించడంతో తలపెట్టిన పని ఎంతో మిగిలిపోయింది. పీటర్ ష్మిట్తెనర్ 2001లో ఇంగ్లీషులో వెలువరించిన గ్రంథం ఈ దారిలో మరొక మెట్టు. కడపలో బ్రౌన్ బంగళా శిథిలమైన చోట జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో లేచిన గ్రంథాలయం 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయంతో ముడిపడి ఉంది.

ఈ కాగితాలను ఎందుకు చదవాలి? ఒక దొరను పొగడటానికి కాదు. బ్రౌన్ ఒక్కడే తెలుగును ఉద్ధరించాడనే మాట సభల్లో తరచు వింటాం. ఆ మాటను సరిదిద్దేవి బ్రౌన్ కాగితాలే. పాఠభేదం పట్టుకున్నది ఎవరు, వ్యాఖ్య రాసినది ఎవరు, ఎండలో ఊరూరా తిరిగి ఆకుల కట్ట తెచ్చినది ఎవరు అన్నది వాటి వల్లనే తెలుస్తుంది. బ్రౌన్ సంకల్పం, ధనం, క్రమశిక్షణ లేకపోతే ఆ పని జరిగేది కాదు. అప్పయ్య, శివశాస్త్రి, బ్రహ్మయ్యల పాండిత్యం లేకపోయినా జరిగేది కాదు. అచ్చు పుస్తకం అట్టమీద సాధారణంగా ఒక పేరుకే చోటుంటుంది. ఉత్తరాల కట్టలో అందరికీ చోటుంది.

మరొక విషయం. ఈ సేకరణకు పెద్ద నెలవు హైదరాబాదు కాదు, విజయవాడ కాదు, చెన్నపట్నం. చందాపుర నుంచి హోసూరు మీదుగా బస్సు పట్టుకుంటే ఒక పూట ప్రయాణం. తెలుగు చరిత్రకు ఆధారాలన్నీ తెలుగు రాష్ట్రాల్లోనే ఉంటాయనుకుని వెలుపలి విద్యార్థి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. కాగితానికి ఆయుర్దాయం తక్కువ. మెకంజీ కాగితాలు ఒక తరంలోనే వెలిసిపోతే బ్రౌన్ నకళ్లు రాయించాడు. ఆ నకళ్ల వయసు కూడా ఇప్పుడు నూట డెబ్బై ఏళ్లు దాటింది. వాటిని చదవగలిగే కళ్లు కావాలి. పాత గొలుసుకట్టు రాత నేర్చుకోవడం కష్టమే. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషను ఓనమాల నుంచి నేర్చుకున్నవాడు బ్రౌన్. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన మనకు అంతకన్న కష్టం కారాదు.