సుదా వేరు, షఖీఖా వేరు

మా ఆపాకి పెళ్లయ్యాక వచ్చిన మొదటి రమజాన్‌లో వాళ్ల ససురాల్‌లో ఒక మాట పుట్టింది: "బహూకి పని కనబడితే సర్‌దర్ద్ వస్తుంది." ఇఫ్తార్‌కి గంట ముందు, వంటింట్లో అందరూ పకోడీలు వేస్తూ, షర్బత్ కలుపుతూ హడావిడిగా ఉంటే, ఆపా మాత్రం చీకటి గదిలో తలకి దుపట్టా బిగించి కట్టుకుని పడుకునేది. నూనె వాసనకే వాంతి వచ్చేది. పిల్లలు అరిస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. వాళ్ల సాస్ చెడ్డ మనిషేం కాదు. ఆమెకీ తలనొప్పి వస్తుంది. నుదుటికి జిందా తిలిస్మాత్ రాసుకుని, మగ్రిబ్ తర్వాత ఒక చాయ్ తాగి, మళ్లీ పనిలో పడుతుంది. "నాకు రాదా ఏమిటి?" అని ఆమె అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

అమ్మీకి మాత్రం ఇది ఆధాసీసీ అని అనుమానం. ఎందుకంటే మా నానీమా కూడా ఇలాగే తలకి గుడ్డ కట్టుకుని పడుకునేదట. ఊళ్లో వయసు మళ్లిన ఒక హకీమ్ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఒకే సవాల్ అడిగారు. "సగం తలేనా బేటీ?" ఆపా ఉన్నదున్నట్టు చెప్పింది, ఒక్కోసారి సగం, ఎక్కువసార్లు తలంతా అని. "అయితే ఆధాసీసీ కాదు, మామూలు సర్‌దర్దే" అని ఆయన తేల్చేశారు. ఆ 'సగం' అన్న లఫ్జ్ ఎక్కడి నుంచి వచ్చి మా ఆపా నెత్తిన కూర్చుందో తెలుసుకుందామని నేను కితాబులు తిరగేయడం అప్పుడే మొదలుపెట్టాను.

వెతికితే అన్ని భాషల్లోనూ సగమే కనబడింది. ఉర్దూ ఆధాసీసీలో సీస్ అంటే తల. తెలుగులో పార్శ్వపు నొప్పి. సుశ్రుతుడు చెప్పిన అర్ధావభేదకంలోనూ అర్ధమే ఉంది. రెండో శతాబ్దపు యూనాని హకీమ్ జాలీనూస్, అంటే గేలన్, దీన్ని 'హెమిక్రేనియా' అన్నాడు, సగం పుర్రె అని మానీ. ఆ మాటే నోళ్లలో నలిగి నలిగి ఫ్రెంచి వాళ్ల దగ్గర 'మైగ్రేన్' అయింది. అరబీలో దాని పేరు షఖీఖా. 'షఖ్' అంటే చీల్చడం, 'షిఖ్' అంటే ఒక పక్క. ఒకే తల్లిదండ్రుల తోబుట్టువుని 'షఖీఖ్' అనేదీ ఈ ధాతువు నుంచే. మామూలు తలనొప్పి 'సుదా'. దాని ధాతువుకీ పగలడం అనే అర్థం. తలనొప్పి అనగానే అరబ్బులకి పగులు గుర్తొచ్చిందన్నమాట! తర్వాత అరబీ కితాబులు లాతిన్‌లోకి వెళ్లినప్పుడు యూరప్ వైద్యులు ఈ సుదాను 'సోడా' అని రాసుకున్నారు. వాళ్ల పాత వైద్య గ్రంథాల్లో సోడా అంటే తలనొప్పే.

ఈ రెండు లఫ్జులూ పక్కపక్కనే, వేరువేరుగా కనబడే చోటు మన ఇళ్లలోనే ఉంది. సహీహ్ బుఖారీలో కితాబుత్తిబ్ తెరిస్తే షఖీఖాకీ సుదాకీ హిజామా అనే బాబ్ ఉంటుంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇహ్రామ్‌లో ఉండగా, షఖీఖా వల్ల తలకి హిజామా చేయించుకున్నారని ఇబ్నె అబ్బాస్ రజియల్లాహు అన్హు రివాయత్ అక్కడ ఉంది. ఈ హదీస్ చూపించి హిజామా గొప్పతనం మాట్లాడేవాళ్లను చాలామందిని చూశాను. బాబ్ పేరులో జబ్బులు రెండున్నాయని ఆగి చూసినవాళ్లు తక్కువ. ఇమామ్ బుఖారీ వఫాత్ 870లో. అంటే అప్పటికే చదువుకున్నవాళ్లకి ఇవి రెండూ ఒకటి కావు.

ఇలాజ్ సంగతికొస్తే పాతకాలం కాస్త భయపెడుతుంది. ఖుర్తుబా దగ్గరి అజ్జహ్రా నగరానికి చెందిన జర్రాహ్ అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన 'అత్తస్రీఫ్'లో షఖీఖాకి కాల్చిన ఇనుముతో వాతలు రాశాడు. కణత దగ్గర చర్మం కోసి, లోపల వెల్లుల్లి రెబ్బ పెట్టి కట్టు కట్టమనీ రాశాడు. ఆపాకి చెబితే, "నొప్పి మొదలైనప్పుడు అడిగితే దానికీ ఒప్పుకునేదాన్ని" అంది.

నా సవాల్‌కి జవాబు దొరికింది మాత్రం ఇబ్నె సీనా దగ్గర. 'అల్‌ఖానూన్' మూడో కితాబ్ తల జబ్బులతోనే మొదలవుతుంది. అందులో షఖీఖా కాక ఇంకో దర్ద్ గురించి రాశాడు. బైజా, ఖూజా అని దాని పేర్లు. ఖూజా అంటే సిపాయి పెట్టుకునే లోహపు టోపీ. ఈ నొప్పి అలా తలంతా కప్పేస్తుంది కాబట్టి ఆ పేరు. ఇది ఏళ్ల తరబడి వదలదనీ, కాస్త కదిలినా రేగుతుందనీ అంటాడు. మరీజ్‌కి చప్పుడన్నా, వెలుతురన్నా, మనుషులతో మాటలన్నా సహించదట. ఒంటరిగా చీకట్లో పడుకోవాలనిపిస్తుందట. తలమీద సుత్తితో కొడుతున్నట్టు ఉంటుందట. అది చదివి కితాబ్ మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. 1037లో వఫాత్ అయిన మనిషి మా ఆపా గది తలుపు తీసి చూసినట్టు రాశాడు. అయితే షఖీఖా పేరు కింద కాదు. పేరుని 'సగం'తో కట్టేయడం వల్ల ఆ రెండూ ఒకే జబ్బు కావచ్చన్న సంగతి శతాబ్దాలపాటు మరుగున పడింది.

ఈ ముడి విప్పింది నిన్నమొన్నటి డాక్టర్లు. 1988లో అంతర్జాతీయ తలనొప్పి సంఘం తలనొప్పుల వర్గీకరణ తయారు చేసింది. దాని ప్రకారం మైగ్రేన్‌కి సగం తల నొప్పి ఒక గుర్తు మాత్రమే, తప్పనిసరి కాదు. నాడిలా కొట్టుకోవడం, మధ్యస్థంగానో తీవ్రంగానో ఉండడం, మెట్లెక్కినా పెరగడం మిగతా గుర్తులు. ఈ నాలుగింట్లో రెండుంటే చాలు. వాటితోపాటు వికారం గానీ, వెలుతురూ చప్పుడూ రెండూ పడకపోవడం గానీ ఉండాలి. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా పట్టుకుంటుంది. ఒకసారి వస్తే సరిపోదు, ఇలాంటివి కనీసం ఐదు వచ్చి ఉండాలి. సాస్‌గారిది రెండో రకం. తలచుట్టూ పట్టీ బిగించినట్టు రెండు పక్కలా నొక్కే నొప్పి, నడిచినా పనిచేసినా పెరగదు. అందుకే ఆమె పని చేయగలిగింది. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆపా కూడా చెప్పలేదు. (ఉన్నట్టుండి పిడుగులా పడే నొప్పి, జ్వరంతో మెడ బిగిసే నొప్పి, చెయ్యో కాలో పడిపోయే నొప్పి ఈ రెండూ కావు. వాటికి కితాబ్ కాదు, వెంటనే హాస్పిటల్.)

మైగ్రేన్ ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ, ఖాన్‌దాన్‌లో దిగుతుంది కూడా. నానీమా గుడ్డ గుర్తొచ్చింది కదా! ఖాళీ కడుపు, నిద్ర తగ్గడం, చాయ్ మానడం దాన్ని రేపుతాయి. రమజాన్‌లో మూడూ ఒకేసారి వస్తాయి. ఇప్పుడు ఆపాకి న్యూరాలజిస్ట్ రోజూ వేసుకునే దవా ఇచ్చారు. సహరీ మానకూడదన్నారు, నొప్పి బిళ్లలు నెలలో ఎన్ని రోజులు మించకూడదో రాసిచ్చారు, ఎందుకంటే అవి ఎక్కువైతే వాటివల్లే తలనొప్పి పుడుతుంది. మరీజ్‌కి సూరా బఖరాలో ఉన్న రుఖ్సత్ తనకూ వర్తిస్తుందా అని ఆపా ఆలిమ్ సాబ్‌ని అడిగింది. నొప్పి పట్టిన రోజు రోజా వదిలి తర్వాత ఖజా చేసుకొమ్మన్నారు.

ఇబ్నె సీనా రాసింది తర్జుమా చేసి ఫోన్‌లో ఆపాకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఆగు, స్పీకర్‌లో పెడతాను, మా అత్తమ్మ వంటింట్లోనే ఉంది. ఆ సుత్తి దగ్గర్నుంచి మళ్లీ చదువు" అంది.