విమాన ప్రయాణంలో సామాను నష్టం: బాధ్యత ఎవరిది?

విమానంలో వెళ్లే ప్రయాణికుడి పెట్టె పగిలినా, బ్యాగు చిరిగినా, లోపలి వస్తువులు పాడైనా ఆ నష్టాన్ని ఎవరు భరించాలో చెప్పే నియమాలు ప్రధానంగా రెండు అంతర్జాతీయ ఒప్పందాల నుంచి వచ్చాయి. మొదటిది 1929 నాటి వార్సా ఒప్పందం, రెండోది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. నేడు అమల్లో ఉన్న నియమాల సారం ఇది: కౌంటరులో అప్పగించి ట్యాగు తీసుకున్న సామానుకు విమానయాన సంస్థదే పూచీ. తప్పు సంస్థదని ప్రయాణికుడు నిరూపించనక్కర్లేదు. వెంట క్యాబిన్‌లోకి తీసుకెళ్లే చేతి సామాను విషయంలో మాత్రం సంస్థ తప్పు ఉంటేనే పరిహారం వస్తుంది. రెండు సందర్భాల్లోనూ పరిహారానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. అప్పగించిన సామానుపై ఫిర్యాదుకు గడువూ ఉంది.

పూర్వరంగం

ఇతరుల సరుకు మోసేవారి బాధ్యత విమానాలకన్నా ఎంతో పాత ప్రశ్న. పడవవారి తప్పు వల్ల పడవలోని సరుకు పాడైతే వారంతా తమ తమ వాటాల ప్రకారం నష్టం కట్టాలని, దైవికంగా జరిగిన నష్టానికి వారిపై దండన లేదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. రోమన్ చట్టం ఓడవారిని, సత్రాలు నడిపేవారిని, గుర్రపుశాలల వారిని తాము స్వీకరించిన వస్తువులకు బాధ్యులను చేసింది. ఇంగ్లండు న్యాయ సంప్రదాయంలో సరుకు మోయడమే వృత్తిగా ఉన్నవారు దైవిక విపత్తు, రాజు శత్రువుల దాడి వంటి కారణాలుంటే తప్ప నష్టం నుంచి తప్పించుకోలేరు.

భారతదేశంలో ఈ సూత్రానికి 1865 నాటి క్యారియర్స్ చట్టం రూపమిచ్చింది. బంగారం, వెండి, గాజు సామాను వంటి జాబితాలోని వస్తువుల విలువ 100 రూపాయలు మించితే ఆ సంగతి ముందే చెప్పి అప్పగించాల్సి ఉండేది. చెప్పకపోతే నష్టం అడిగే హక్కు ఉండేది కాదు. విలువను ముందే ప్రకటించాలన్న ఈ ఆలోచన తర్వాత విమాన చట్టాల్లోనూ కనిపిస్తుంది.

వార్సా ఒప్పందం

1920లలో విమాన సర్వీసులు మొదలైనప్పుడు ఏ దేశపు చట్టం ఆ దేశానిదే. ఒక ప్రయాణంలో మూడు దేశాలు దాటితే ఏ చట్టం వర్తిస్తుందో తేల్చడం కష్టం. పైగా తమకు ఏ బాధ్యతా లేదని సంస్థలు టికెట్ల మీదే అచ్చువేసుకునేవి. ఈ చిక్కు తీర్చడానికి 1925లో పారిస్‌లో అంతర్జాతీయ సమావేశం జరిగింది. దాని కొనసాగింపుగా ఏర్పడిన నిపుణుల సంఘం తయారుచేసిన ముసాయిదాపై 1929 అక్టోబరు 12న పోలండు రాజధాని వార్సాలో సంతకాలు జరిగాయి. ఒప్పందం 1933 ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చింది.

ఇది రెండు పక్షాల మధ్య రాజీ. సామాను తన అధీనంలో ఉండగా జరిగిన నష్టానికి సంస్థే బాధ్యత వహించాలి. నష్టం జరగకుండా అవసరమైన చర్యలన్నీ తీసుకున్నానని రుజువు చేసే భారం దానిదే. ఇది ప్రయాణికుడికి దక్కిన రక్షణ. దానికి బదులుగా సంస్థ చెల్లించే మొత్తానికి హద్దు గీశారు: అప్పగించిన సామానుకు కిలోకు 250 ఫ్రాంకులు, ప్రయాణికుడు వెంట ఉంచుకున్న వస్తువులకు మొత్తం 5,000 ఫ్రాంకులు. విమానం నడపడంలో పైలట్ పొరపాటు వల్ల సామాను నష్టపోతే తప్పించుకునే వెసులుబాటు కూడా సంస్థకు ఉండేది. 1955లో ద హేగ్‌లో కుదిరిన సవరణ ఒప్పందం దాన్ని తొలగించింది. పాడైన సామానుపై ఫిర్యాదు గడువును 3 రోజుల నుంచి 7 రోజులకు పెంచింది కూడా ఆ సవరణే.

బంగారు ఫ్రాంకు నుంచి ఎస్‌డీఆర్ దాకా

ఒప్పందంలోని ఫ్రాంకు చేతిలో పట్టుకునే నాణెం కాదు, బంగారంతో కట్టిన లెక్క. ఒక ఫ్రాంకు అంటే వెయ్యింట 900 వంతుల స్వచ్ఛత గల 65.5 మిల్లీగ్రాముల బంగారం. ఆ లెక్కన కిలో సామానుకు పరిమితి సుమారు 14.7 గ్రాముల మేలిమి బంగారం, అంటే పాత తూకంలో తులంపావు. 1929 నాటి అధికారిక ధర ప్రకారం అది 10 డాలర్లకు కాస్త తక్కువ. దేశాల కరెన్సీల విలువ ఎలా మారినా పరిమితి నిలకడగా ఉంటుందని రూపకర్తలు ఆశించారు.

1970లలో ప్రభుత్వాలు బంగారానికి అధికారిక ధర నిర్ణయించడం మానేయడంతో ఈ ఏర్పాటు దెబ్బతింది. బహిరంగ మార్కెట్టులో బంగారం ధర ఆకాశాన్నంటింది. పరిమితిని పాత ధరతో లెక్కించాలా, మార్కెట్టు ధరతోనా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1979లో ఫిలడెల్ఫియా నుంచి లండన్‌కు ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ ద్వారా పంపిన 714 పౌండ్ల నాణేల సరుకు పోయింది. పంపిన ఫ్రాంక్లిన్ మింట్ సంస్థ 2,50,000 డాలర్లు అడిగింది. చివరి అధికారిక ధర ఆధారంగా పౌండుకు 9.07 డాలర్ల పరిమితే చెల్లుతుందని 1984లో కోర్టు తీర్పునిచ్చింది. దక్కింది 6,500 డాలర్ల లోపే. కిలోకు 20 డాలర్లన్న ఈ లెక్కే ఎన్నో ఏళ్లు టికెట్ల వెనుక అచ్చయ్యేది. 20 కిలోల పెట్టె పోతే, అందులో ఏమున్నా, వచ్చేది గరిష్ఠంగా 400 డాలర్లు.

1975లో మాంట్రియల్‌లో కుదిరిన ప్రోటోకాళ్లు బంగారం స్థానంలో ఎస్‌డీఆర్‌ను తెచ్చాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి 1969లో సృష్టించిన ఈ లెక్క ప్రమాణం విలువ కొన్ని ప్రధాన కరెన్సీల సగటు మీద ఆధారపడుతుంది. కిలోకు పరిమితి 17 ఎస్‌డీఆర్‌లైంది.

మాంట్రియల్ ఒప్పందం

సవరణ మీద సవరణ పేరుకుపోయి, ఏ దేశం ఏ సవరణను ఆమోదించిందో వెతుక్కోవలసిన స్థితి వచ్చింది. అన్నింటినీ ఒకచోట చేర్చి 1999 మే 28న మాంట్రియల్‌లో కొత్త ఒప్పందం చేశారు. అది 2003 నవంబరు 4న అమల్లోకి వచ్చింది.

సామాను విషయంలో ఇది మూడు పెద్ద మార్పులు తెచ్చింది. మొదటిది, అప్పగించిన సామాను సంస్థ అధీనంలో ఉన్నంతసేపు జరిగిన నష్టానికి తప్పుతో నిమిత్తం లేకుండా సంస్థే బాధ్యురాలు. జాగ్రత్తలన్నీ తీసుకున్నామన్న వాదన ఇక చెల్లదు. సామానులోనే ఉన్న లోపం వల్ల లేదా దాని స్వభావం వల్ల నష్టం కలిగితే ఆ మేరకే మినహాయింపు. రెండోది, కిలోల లెక్క పోయి ప్రయాణికుడి లెక్క వచ్చింది. తలకు 1,000 ఎస్‌డీఆర్‌ల గరిష్ఠ పరిమితి పెట్టారు. ధరల పెరుగుదలను బట్టి అయిదేళ్లకోసారి సమీక్షించే నియమం వల్ల అది 2009 చివర్లో 1,131కి, 2019లో 1,288కి, 2024 డిసెంబరు 28న 1,519కి పెరిగింది. చివరి అంకె అప్పటి మారకం ధరల్లో సుమారు 2,000 డాలర్లు. మూడోది, 21 రోజుల్లో చేరని సామానును పోయినట్టే భావించి పరిహారం కోరవచ్చు.

అంతకన్నా విలువైన వస్తువులుంటే సామాను అప్పగించేటప్పుడే విలువ ప్రకటించి, సంస్థ అడిగితే అదనపు రుసుము కట్టి పరిమితిని పెంచుకోవచ్చు. ఒకే టికెట్టుపై రెండు మూడు సంస్థల విమానాలు మారినప్పుడు మొదటి సంస్థను, చివరి సంస్థను, నష్టం జరిగిన దశలో నడిపిన సంస్థను బాధ్యులుగా నిలబెట్టవచ్చు. హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగానో, యూరప్ మీదుగానో అమెరికా వెళ్లే తెలుగువారికి ఈ నియమం ఎంతో పనికొస్తుంది. పెట్టె ఏ విమానాశ్రయంలో పగిలిందో వారు చూపనక్కర్లేదు.

అదే ప్రయాణికుల పెట్టెల్లో తరచుగా ఉండే ఆవకాయ జాడీ మినహాయింపు హద్దును చూపిస్తుంది. మూత సరిగా బిగించని జాడీ నుంచి నూనె కారి పట్టుచీరలు పాడైతే అది ప్యాకింగు లోపమని సంస్థ వాదిస్తుంది. గట్టిగా కట్టిన డబ్బా, పెట్టెతో పాటు పక్క నుంచి నలిగిపోయి పగిలితే అది మోతలో జరిగిన నష్టం. అందుకే పెట్టె బయటి దెబ్బ, లోపలి నష్టం రెండూ కనిపించేలా తీసిన ఫొటోలు కీలకమవుతాయి.

చేతి సామాను

క్యాబిన్‌లోకి తీసుకెళ్లే బ్యాగు, ల్యాప్‌టాప్, ఒంటి మీది వస్తువులు ప్రయాణికుడి అధీనంలోనే ఉంటాయి. వాటికి నష్టం సంస్థ లేదా దాని సిబ్బంది తప్పు వల్ల జరిగిందని చూపాలి. సిబ్బంది కాఫీ ఒలకబోసి ల్యాప్‌టాప్ పాడైతే సంస్థ బాధ్యత వహించాలి. ప్రయాణికుడే పైఅరలో కుక్కిన గాజు బొమ్మ విరిగితే వహించదు. అరల్లో చోటు లేదని గేటు దగ్గర సిబ్బంది తీసుకున్న బ్యాగు మాత్రం ఆ క్షణం నుంచి సంస్థ అధీనంలోకి వెళ్తుంది.

భద్రతా తనిఖీలో నష్టం జరిగితే బాధ్యత వేరొకరిది కావచ్చు. అమెరికాలో 2001లో ఏర్పడిన రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ పెట్టెలను తెరిచి చూసినప్పుడు లోపల ఒక చీటీ ఉంచుతుంది. ఆ తనిఖీలో జరిగిన నష్టానికి పరిహారం నేరుగా ఆ సంస్థనే అడగాలి.

భారతదేశంలో

వార్సా నియమాలు 1934 నాటి చట్టంతో భారతదేశంలో అమలయ్యాయి. 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టం ద హేగ్ సవరణలను చేర్చింది. మాంట్రియల్ ఒప్పందంలో భారత్ 2009లో చేరింది. అందుకోసం అదే ఏడాది చట్టాన్ని సవరించారు.

దేశీయ ప్రయాణాలకు పరిమితులను కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా రూపాయల్లో నిర్ణయిస్తుంది. చాలాకాలం అది కిలోకు 450 రూపాయలు. 15 కిలోల పెట్టె మొత్తం పోయినా 6,750 రూపాయలకు మించేది కాదు. 2014 జనవరి నోటిఫికేషన్ మాంట్రియల్ పద్ధతిని దేశీయ ప్రయాణాలకూ వర్తింపజేసి, సామానుకు ప్రయాణికుడికి 20,000 రూపాయల పరిమితి పెట్టింది.

సంస్థ పరిహారం ఇవ్వకపోతే ప్రయాణికుడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఈ ఒప్పందాల కింద వచ్చే తగాదాలను వినియోగదారుల న్యాయస్థానాలు విచారించగలవా అన్న సందేహాన్ని 2011లో సుప్రీంకోర్టు తీర్చింది. ట్రాన్స్ మెడిటరేనియన్ ఎయిర్‌వేస్ కేసు సరుకు రవాణాకు చెందినదే అయినా, ఒప్పందంలోని కోర్టు అన్న మాటలోకి ఆ న్యాయస్థానాలూ వస్తాయని అందులో తేల్చింది.

తీర్పులు తీర్చిదిద్దిన నియమాలు

ఒప్పందం చెప్పకుండా వదిలిన విషయాలను కోర్టులు పూరించాయి. పోయిన సామానుకు ఇచ్చే పరిమితిలోనే మనోవేదన కూడా కలిసి ఉంటుందని ఐరోపా న్యాయస్థానం 2010లో చెప్పింది. ఒక కుటుంబం తమ వస్తువులను ఒకే పెట్టెలో సర్దుకుంటే, ఆ పెట్టె ఎవరి పేరున ఉన్నా ప్రతి ఒక్కరూ తమ వస్తువులకు విడిగా పరిహారం అడగవచ్చని 2012లో తీర్పిచ్చింది. గరిష్ఠ పరిమితి అంటే అందరికీ ఇచ్చే ఏకమొత్తం కాదని, నష్టాన్ని చూపాల్సిందేనని 2020లో స్పష్టం చేసింది. బ్యూనస్ ఎయిర్స్ నుంచి బార్సిలోనా ప్రయాణంలో తప్పిపోయిన పెంపుడు కుక్క కూడా ఒప్పందం దృష్టిలో సామానే అవుతుందని, విలువ ప్రకటించకపోతే పరిమితి మించి పరిహారం రాదని 2025లో నిర్ణయించింది.

పరిమితి చాలని సందర్భాల్లో చక్రాల కుర్చీ ముఖ్యమైనది. దాని ధర పరిమితికి ఎన్నో రెట్లుండవచ్చు, అది లేకుండా దాని యజమాని కదలలేరు. అమెరికా దేశీయ ప్రయాణాల్లో ఇలాంటి సహాయ పరికరాలకు సాధారణ సామాను పరిమితి వర్తించదు. పెట్టె చక్రాలు, పిడులు, పట్టీలు విరిగితే బాధ్యత లేదనే సంస్థల అలవాటును ఆ దేశపు రవాణా శాఖ 2015లో తప్పుపట్టింది.

కోర్టు బయట కూడా ఒత్తిడి పనిచేసింది. కెనడా గాయకుడు డేవ్ కారోల్ గిటారు 2008లో షికాగో విమానాశ్రయంలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సామాను సిబ్బంది చేతుల్లో విరిగింది. మరమ్మతుకు 1,200 డాలర్లయింది. 24 గంటల్లో ఫిర్యాదు చేయలేదంటూ సంస్థ పరిహారం నిరాకరించింది. 2009 జులైలో ఆయన యూట్యూబ్‌లో పెట్టిన పాటను లక్షలమంది చూశాక సంస్థ దిగివచ్చింది.

ఫిర్యాదు, గడువులు

సామాను అందుకునే హాలులోనే సంస్థ కౌంటరు దగ్గర పీఐఆర్ అనే నష్ట నివేదిక రాయించుకోవాలి. బోర్డింగ్ పాసు, ట్యాగు ముక్క, ఫొటోలు, వస్తువులు కొన్న రసీదులు దానికి ఆధారాలు. నివేదిక రాయించినా, సంస్థకు లిఖితపూర్వక ఫిర్యాదు విడిగా పంపడం మేలు. పాడైన సామానుకు అది అందిన రోజు నుంచి 7 రోజులు, ఆలస్యంగా చేరిన సామానుకు 21 రోజులు గడువు. ఏ ఫిర్యాదూ లేకుండా సామాను తీసుకుంటే అది మంచి స్థితిలోనే అందిందని చట్టం భావిస్తుంది. గడువు దాటితే, సంస్థ మోసం చేసిన సందర్భంలో తప్ప, దావా వేసే హక్కు పోతుంది. దావాకు రెండేళ్ల కాలపరిమితి ఉంది. భారతదేశంలో పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

తొంభై ఏళ్లకు పైబడిన ఈ చరిత్రలో అప్పగించిన సామాను భారం క్రమంగా ప్రయాణికుడి నుంచి సంస్థ మీదికి మారింది. అయితే ఆ హక్కు నిలబడాలంటే ఏడు రోజుల్లోపు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాల్సింది ప్రయాణికుడే.