జనాభా దేహభారం, ప్రపంచ ఆహార శక్తి అవసరం

ఒక దేశానికి ఎంత తిండి కావాలో తేల్చేటప్పుడు జనాభా సంఖ్యతోపాటు ఆ జనం సగటు బరువునూ లెక్కలోకి తీసుకునే అధ్యయనాంశం ఇది. బరువైన ఒళ్ళు కదలకుండా ఉన్నా ఎక్కువ శక్తిని ఖర్చుచేస్తుంది. కదిలితే ఇంకా ఎక్కువ.

దీని పునాదులు శరీరధర్మ శాస్త్రంలో ఉన్నాయి. 1919లో అమెరికాలో హారిస్, బెనెడిక్ట్ విశ్రాంతిలో ఉన్న మనిషి ఖర్చుచేసే శక్తిని బరువు, ఎత్తు, వయసులతో ముడిపెట్టి సూత్రాలు ఇచ్చారు. వాటి ప్రకారం మగవారిలో కిలో బరువు పెరిగితే రోజుకు దాదాపు 14 కిలోకేలరీలు అదనంగా కావాలి. 1932లో మాక్స్ క్లైబర్ ఎలుక మొదలుకొని ఎద్దు వరకూ జంతువులను పోల్చి, బరువు రెట్టింపైతే శక్తి ఖర్చు రెట్టింపు కాదనీ, సుమారు 1.7 రెట్లే అవుతుందనీ చూపాడు.

ఈ లెక్కను దేశాల స్థాయికి తెచ్చింది ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ. 1950 నాటి నివేదికలో అది ఒక 'నమూనా పురుషుణ్ణి' నిలబెట్టింది: వయసు 25, బరువు 65 కిలోలు, రోజుకు 3,200 కిలోకేలరీలు. సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలుండే చోట బతికే మనిషి అతను! మద్రాసు ఎండకైనా లాగోస్ ఉక్కకైనా అతన్నుంచే తీసివేతలు మొదలుపెట్టాల్సి వచ్చింది.

పేద దేశాల్లో ఏ బరువును ప్రమాణంగా పెట్టుకోవాలన్నదే అసలు చిక్కు. ఉన్న బరువునే ప్రమాణంగా తీసుకుంటే బక్కచిక్కిన జనానికి తక్కువ తిండి చాలని లెక్క తేలుతుంది. ఆకలి కాగితం మీద మాయమవుతుంది. 1980ల మొదట్లో అమెరికన్ ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ 'చిన్న దేహమైనా ఆరోగ్యమే' అని వాదించినప్పుడు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు అంతకుముందు సారథ్యం వహించిన సి. గోపాలన్ గట్టిగా ఎదురు నిలిచారు. ఎదుగుదల గిడసబారడం సర్దుబాటు కాదు, లేమికి గుర్తు అన్నది ఆయన పట్టు. ఈ విషయంలో గోపాలన్ వైపే న్యాయం ఉంది.

జాతీయ పోషకాహార సంస్థ 2010 సిఫార్సుల్లో 60 కిలోలుగా ఉన్న నమూనా భారతీయ పురుషుడు 2020 నాటికి 65 కిలోలయ్యాడు. విచిత్రమేమంటే, కూర్చుని పనిచేసేవాడికి చెప్పిన శక్తి మాత్రం 2,320 నుంచి 2,110 కిలోకేలరీలకు దిగింది. విశ్రాంతి ఖర్చును లెక్కగట్టే సూత్రాన్ని సవరించారు. రోజు మొత్తం ఖర్చు విశ్రాంతి ఖర్చుకు ఎన్ని రెట్లో చెప్పే శ్రమ గుణకాన్నీ 1.53 నుంచి 1.4కు తగ్గించారు.

2000 తర్వాత చర్చ బక్కతనం నుంచి స్థూలకాయానికి మళ్ళింది. 2009లో లండన్ పరిశోధకులు ఫిల్ ఎడ్వర్డ్స్, ఇయాన్ రాబర్ట్స్ నూటికి 40 మంది ఊబకాయులున్న జనాభాకు మామూలు జనాభా కంటే 19 శాతం ఎక్కువ ఆహార శక్తి కావాలని అంచనా కట్టారు. 2012లో వాల్‌పోల్ అనే పరిశోధకురాలి బృందం, రాబర్ట్స్‌తో కలిసి, ఏకంగా మానవజాతినే తూచింది. 2005లో ప్రపంచంలోని వయోజనుల మొత్తం బరువు 28.7 కోట్ల టన్నులు. సగటున మనిషికి 62 కిలోలు. ఉత్తర అమెరికాలో ఆ సగటు 80.7, ఆసియాలో 57.7. టన్ను తూగడానికి అక్కడ 12 మంది పెద్దలు చాలు, ఇక్కడ 17 మంది కావాలి. అన్ని దేశాల్లోనూ అమెరికా తరహా బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) వస్తే 5.8 కోట్ల టన్నుల భారం కొత్తగా చేరుతుంది. దాన్ని మోయడానికి అవసరమయ్యే శక్తి 47.3 కోట్ల మంది పెద్దల తిండికి సమానం.

జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన డెపెన్‌బుష్, క్లాసెన్ 2019లో ఎత్తునూ ఇందులో కలిపారు. బరువులు ఇప్పటిలాగే ఉన్నా 2010, 2100 మధ్య ప్రపంచ కేలరీల అవసరం 61 శాతం పెరుగుతుంది. బీఎంఐ, ఎత్తు కూడా పెరిగితే మరో 18.7 శాతం పాయింట్లు తోడవుతాయి. ఆ అదనపు మొత్తమే 2010లో భారత్, నైజీరియాలు రెండింటి అవసరం కంటే ఎక్కువ. జనాభా వేగంగా పెరుగుతున్న సహారా దిగువ ఆఫ్రికా దేశాల మీదే ఈ భారం ఎక్కువగా పడుతుందని వారి అంచనా.