పాప లేచింది, పాడండి

రాత్రి రెండు దాటింది. మీ ఆవిడకు ఇప్పుడే కన్నంటుకుంది. చీర ఉయ్యాల కదులుతోంది. ముందు చిన్న మూలుగు, ఆ వెంటనే కేక. చీకట్లో తడుముకుంటూ వెళ్లి పాపను భుజానేసుకుంటారు. పాల వాసన, చెమట. మెత్తటి మాడు మీ చెంప కింద టకటకా కొట్టుకుంటోంది.

పాలు తాగి గంట కాలేదు. గుడ్డ తడవలేదు. ఒళ్లు వేడిగా లేదు. మరి ఏడుపెందుకు? నిద్ర కోసమే. కళ్లు మూతలు పడుతున్నా నిద్రలోకి జారుకోవడం ఇంకా చేతకాదు.

చెయ్యి ఫోను మీదికి పోతుంది. జోలపాట పెడతారు. వీణ మొదలవుతుంది. పాప ఏడుపాపి వింటోంది. రెప్పలు వాలుతున్నాయి. అంతలో సిమెంటు ప్రకటన. పెద్ద గొంతుతో! పాప ఉలిక్కిపడుతుంది. గుక్కపడుతుంది. ముఖం ఎర్రబడుతుంది. ఊపిరి తీయదేం? వీపు నిమురుతారు. ముఖం మీద ఊదుతారు. హమ్మయ్య, గుక్క తిప్పుకుంది. మళ్లీ కేక. పక్క గదిలో మంచం కిర్రుమంటోంది.

ఫోను కట్టేయండి. పాడండి.

ఏం పాడాలి? అన్నమయ్య జోల పల్లవి నోటికొస్తుంది, చరణం రాదు. ఫర్వాలేదు. ఆయన 1503లోనే వెళ్లిపోయారు, తప్పులు పట్టరు. నవరోజు రాగమా, నీలాంబరా అని పాపా అడగదు. గొంతు తగ్గించి, అడుగుకొక లాలి చొప్పున గదిలో అటూ ఇటూ నడవండి. మీ ఛాతీలో మోగేది ఆమె చెంపకు అందుతోంది. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగుతోంది.

మాటలు అయిపోయాయా? కట్టుకోండి. పల్లెల్లో అమ్మమ్మలు ఎప్పుడూ చేసిన పని అదే. దేవుడి పేరున్న చోట పాప పేరు పెట్టండి. మేనమామ గజ్జెలు తెస్తాడని పాడండి. అత్త అలిగిందని పాడండి. లిఫ్టు మళ్లీ చెడిపోయిందని పాడినా ఆమెకు అభ్యంతరం లేదు.

మెడ మీద బరువు పెరిగింది. అసలు గండం ఇప్పుడే. ఉయ్యాల మీదికి వంగండి. పాట ఆపొద్దు. ముందు నడుము. తర్వాత తల. వెల్లకిలా. చెయ్యి లాగకండి. పిడికిలి బిగిసింది. కన్ను సగం తెరుచుకుంది. కదలకండి. జో. జో. పిడికిలి వదిలింది.

పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళాదేవి మీద మన ఆడవాళ్లు ఓ పెద్ద పాటే కట్టుకున్నారు. మీకు రెండు గంటలు దొరికితే గొప్పే. పడుకోండి.

పొద్దున్నే మాత్రం అమ్మకు ఫోన్ చేయండి. "అమ్మా, నన్ను ఏం పాడి పడుకోబెట్టేదానివి?" అని అడగండి. 1950లలో బిరుదురాజు రామరాజు లాంటివారు జానపద గేయాలను వెతికి సేకరించి, వాటి మీద పరిశోధన చేశారు. మీ అమ్మ దగ్గరికి అలా ఎవరూ వచ్చి ఉండరు. ఆవిడ పాడుతుంటే రికార్డు చేసుకోండి, ఈ వారమే.