గుర్రంకొండ మక్బరా: ఒక ఫిరాయింపు, ఒక స్మారకం

మదనపల్లె ప్రాంతంలోని గుర్రంకొండలో, దుర్గమున్న కొండకు దిగువన మీర్ రజా అలీఖాన్ సమాధి ఉంది. స్థానికులు దీనిని మక్బరా అంటారు. చరిత్ర గ్రంథాలు మీర్ సాహెబుగా పేర్కొనే ఈయన హైదరలీకి బావమరిది, టిప్పు సుల్తానుకు మేనమామ. స్థల పరిచయాలలో సాధారణంగా కనిపించేది ఈ బంధుత్వమే. హైదరును విడిచి ఈయన శత్రుపక్షంలో చేరిన ఘట్టం అంతగా ప్రస్తావనకు రాదు. ఆ మౌనానికి గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1767లో పేష్వా మాధవరావు మైసూరు రాజ్యంపై దండెత్తినప్పుడు సిరా దుర్గం మీర్ సాహెబు అధీనంలో ఉంది. ఆయన దానిని మరాఠాలకు అప్పగించాడు. ప్రతిఫలంగా గుర్రంకొండ లభించింది. నేటి పరిభాషలో ఇది రాజద్రోహం. కానీ మరుసటి సంవత్సరమే, ఇంగ్లీషు వారితో యుద్ధం సాగుతుండగా, హైదరు ఆయనతో రాజీపడి తిరిగి తన పక్షానికి రప్పించుకున్నాడు. కడప సీమకూ మైసూరు పీఠభూమికీ నడుమనున్న ఈ గిరిదుర్గం, దానితోపాటు వచ్చే సైన్యం హైదరుకు అవసరం. కనుక ఈ క్షమలో బంధుప్రీతి ఎంతున్నా, రాజ్యావసరం అంతకు తక్కువ కాదు.

1781 జులై 1న పరంగిపేట వద్ద జరిగిన యుద్ధంలో, హైదరు పక్షాన పోరాడుతూ మీర్ సాహెబు ప్రాణాంతకంగా గాయపడ్డాడు. సమాధి ఈ అంతిమ ఘట్టానికి చెందినది. మరణం నాటి విధేయత మునుపటి ఫిరాయింపును కప్పివేసింది.

కుమారుడు కమరుద్దీన్ ఖాన్ చరిత్ర ఇందుకు భిన్నం. ఆయన టిప్పు సేనానులలో ప్రముఖుడు. 1799లో శ్రీరంగపట్టణం పతనమై టిప్పు మరణించిన తరువాత ఇంగ్లీషు వారికి లొంగిపోయాడు. గుర్రంకొండ జాగీరు ఆయనకు దక్కింది. టిప్పును వంచించినవారిని లెక్కించేటప్పుడు జనశ్రుతి మీర్ సాదిక్ సరసన ఈయన పేరును కూడా చేరుస్తుంది. ప్రభువు జీవించి ఉండగానే కోటను శత్రువుకు అప్పగించిన తండ్రికి గౌరవం మిగిలింది. ప్రభువు మరణించాక లొంగిన కుమారునికి అపకీర్తి మిగిలింది.

ఈ వ్యత్యాసం ఇద్దరి శీలాన్ని బట్టి ఏర్పడినదని చెప్పలేము. తండ్రిని క్షమించడానికి హైదరు రాజ్యం నిలిచి ఉంది. కుమారుని క్షమించగల ప్రభువు మిగలలేదు. జాగీరుల వ్యవస్థలో విధేయత తెగిపోవడమూ మళ్లీ కుదరడమూ సాధ్యమే. ద్రోహమన్న ముద్ర స్థిరపడేది ఆ రాజీకి అవకాశం లేనప్పుడు. కనుక మక్బరాను వీరస్మారకంగా కొనియాడడం గాని, ద్రోహి సమాధిగా నిందించడం గాని అసమగ్రమే. దానిని రాజీకి గుర్తుగా చదివినప్పుడే సిరా, గుర్రంకొండ, పరంగిపేట ఒకే జీవితంలోని మూడు ఘట్టాలుగా అర్థమవుతాయి. స్థానిక చరిత్ర రచనలో సమాధులను ఆధారాలుగా స్వీకరించేటప్పుడు, అవి చెప్పేదానితోపాటు విడిచిపెట్టినదానిని కూడా గణనలోకి తీసుకోవడం అవసరం.